కోడలి కోసం ఎక్కిన బల్ల

తొంభైల మొదట్లో నేను సంగారెడ్డిలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. హైదరాబాదులో టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసుకుని కొత్తగా చేరిన రోజులవి. మా ఇల్లు పటాన్‌చెరులో. పొద్దున్నే బొంబాయి రోడ్డు మీద నిలబడితే కంపెనీ బస్సులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి షిఫ్టు వాళ్లను దించి, ఇంకో షిఫ్టు వాళ్లను ఎక్కించుకుని పోయేవి. నేనెక్కాల్సిన బస్సు మాత్రం వచ్చేది కాదు. గాలి ఇటు తిరిగితే మందుల కంపెనీల వాసన ముక్కుకు కొట్టేది. ఆ వాసనలోనే చాయ్ తాగేవాళ్లం, ఆ వాసనలోనే పూలు కొనుక్కుని జడలో పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ వాసన కూడా నా వయసుకు సంబంధించినదే అనిపిస్తుంది.

ల్యాబంటే ఆసుపత్రి వెనక ఒక్క గది. కిటికీ బయట జామచెట్టు. బల్ల మీద మైక్రోస్కోపు, పక్కన రంగుల సీసాలు. కరెంటు పోయినప్పుడు బల్బు తీసేసి అద్దం పెట్టుకుని, కిటికీ వెలుగును దాని మీదికి తిప్పుకుని చూసేదాన్ని. రక్తం, మూత్రం, కఫం పరీక్షలతో మొదలైన నా పనిలోకి పాప్ పరీక్ష తర్వాత వచ్చింది. దాన్ని తెచ్చింది మా డాక్టరమ్మ.

ఆమెది గుంటూరు వైపు. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, తెల్ల చీరలో, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు నడిచేది. గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సర్ ముదిరిపోయాక ఆడవాళ్లు ఎడ్లబండ్లలో, ట్రాక్టర్లలో వచ్చి దిగుతుంటే ఆమెకు కడుపు రగిలిపోయేది. ఆ జబ్బు ఒక్కరోజులో వచ్చేది కాదనీ, లోపల ఏళ్ల తరబడి మెల్లగా తయారవుతుందనీ, ఒక చిన్న కర్రపుల్లతో అక్కడి కణాలను గీకి గాజుపలక మీద రాసి చూస్తే ముందే తెలిసిపోతుందనీ, దాన్నే పాప్ పరీక్ష అంటారనీ నాకు చెప్పింది. హైదరాబాదు పట్నంలోని తన స్నేహితురాలి దగ్గర కొన్నాళ్లు ఉంచి నాకు ఆ పని నేర్పించింది. నేను చూసి అనుమానం ఉన్నవి పక్కన పెడితే, ఆమె చూసేది. ఆమెకూ తేలకపోతే ఆ స్లైడు పట్నం పోయేది.

వచ్చేవాళ్ల కోసం కూర్చుంటే లాభం లేదని నెలకోసారి జీపులో ఊళ్లకు పోవడం మొదలుపెట్టింది. బడి గదో, చర్చి హాలో అడిగి తీసుకుని, తాడు మీద చీరలు వేలాడదీసి, మడత బల్ల ఒకటి పరిచేవాళ్లం. డాక్టరమ్మ భాష మా ఆడవాళ్లకు సగమే అర్థమయ్యేది. ఆమె "బహిష్టు సరిగ్గా వస్తోందా" అని అడిగితే వాళ్లు నా ముఖం చూసేవాళ్లు. నేను ముట్టు అనగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆ నవ్వుల తర్వాతే అసలు మాటలు బయటికి వచ్చేవి.

ఒక సంగతి తొందరగానే గమనించాం. పరీక్షకు వచ్చేవాళ్లందరూ వయసులో ఉన్నవాళ్లే. తెల్లబట్ట అనో, నడుము నొప్పి అనో, పిల్లల ఆపరేషన్ అయినప్పటి నుంచి బాగుండడం లేదనో ఏదో ఒక బాధతో వచ్చేవాళ్లు. ముట్టు ఆగిపోయిన పెద్దవాళ్లు కోడళ్లను, బిడ్డలను తోలుకొచ్చి బయట అరుగు మీద కూర్చునేవాళ్లు. లోపలికి రమ్మంటే, మాకేం పని అని చేతులు ఊపేవాళ్లు. ముట్టుతోపాటు ఆసుపత్రి అవసరం కూడా తీరిపోయిందని వాళ్ల లెక్క. డాక్టరమ్మకు ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లను చూస్తేనే భయం.

మా పెద్దమ్మ ఆ అరుగు మీది మనిషే. మా అమ్మకు సొంత అక్క. ఇంద్రేశం అవతల ఒక ఊళ్లో ఉండేది. నా చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ ఆమె ఇంట్లోనే గడిచాయి. తెల్లవారకముందే జొన్నరొట్టె తట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. లేచి పోతే పొయ్యి ముందే కూర్చోబెట్టి, పొంగిన రొట్టె మీద ఉల్లికారం రాసి చేతిలో పెట్టేది. ఆమె ముంజేతి మీద పచ్చబొట్టు పొయ్యి వెలుగులో నల్లగా మెరిసేది. పెదనాన్న పోయాక నాలుగు బర్రెలను పెట్టుకుని, కంపెనీ క్వార్టర్లకు తలమీద క్యాను పెట్టుకుని పోయి పాలు పోసేది. అక్కడి బీహారు, ఒరిస్సా ఆడవాళ్లతో బేరాలాడీ ఆడీ ఆమెకు ఒక రకమైన హిందీ పట్టుబడింది. ఆ హిందీతో ఎవరినైనా తిట్టగలదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, మా అన్న. ఒక ఇనుము కంపెనీలో ఆపరేటరు. వదినది గుమ్మడిదల వైపు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆపరేషన్ చేయించుకుని, మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. నెత్తికి టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని పనిచేయాలంటే పెద్దమ్మకు నచ్చలేదు. బర్రెలుండగా బయటి కొలువేంది అంది. వదిన వినలేదు. అప్పటి నుంచి అత్తాకోడళ్లు నేరుగా మాట్లాడుకోవడం తగ్గించారు. "మీ అమ్మను అన్నానికి రమ్మను" అని పెద్దమ్మ మనవరాలితో చెప్పేది. అమ్మ పక్కనే కూర్చుని ఉండేది. నేను పోయినప్పుడు ఆ రాయబారం నా మీద పడేది. ఆ ఇంట్లో అంత కోపం ఉన్నా భయమనేది ఉండేది కాదు. ఇద్దరూ గట్టి మనుషులే.

ఆ ఏడాది వాళ్ల వాడకట్టులోనే ఒక ఆడమనిషి గర్భసంచి కేన్సర్‌తో చనిపోయింది. తర్వాత కొన్నాళ్లకు పెద్దమ్మ పాల క్యానుతో సహా మా ఇంటికొచ్చి కూర్చుంది. కోడలు చిక్కిపోతోందనీ, నడుము పట్టుకుని నడుస్తోందనీ, తెల్లబట్ట ఉన్నట్టు తన బట్టలు వేరుగా ఉతుక్కుని దూరంగా ఆరేస్తోందనీ, అడిగితే చెప్పడం లేదనీ మా అమ్మతో చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీ డాక్టరమ్మను మా ఊరికి తోల్కరా బిడ్డా. ఊరందరికని చెప్దాం. దానికోసమని చెప్పకు, తెలిస్తే రాదు."

నేను డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వి సరే అంది.

ఒక ఆదివారం ప్రార్థన అయిపోయాక చర్చి హాలు మాకిచ్చారు. కంపెనీలకు సెలవు కాబట్టి వదినకు కూడా సెలవే. పెద్దమ్మ వారం ముందు నుంచే పాలు పోసుకుంటూ ఇంటింటికీ చెప్పింది. చర్చికి పోయేవాళ్లు, గుడికి పోయేవాళ్లు అని లేకుండా హాలు నిండిపోయింది. పెద్దమ్మ తన ఇంటి పాలతో పెద్ద గిన్నెడు చాయ్ కాచి తెచ్చి గ్లాసుల్లో పోస్తూ, సిగ్గుపడి వెనక్కి తగ్గుతున్న పడుచు పిల్లలను వీపు మీద చెయ్యేసి తెర దాకా తోస్తోంది. పెళ్లింటి పెద్దలా ఉంది ఆమె హడావుడి.

మధ్యాహ్నమవుతుండగా వదిన వచ్చింది. తెర దగ్గరిదాకా వచ్చి, లోపల బల్లనూ, బల్ల పక్కన ట్రేలో ఉన్న సామాన్లనూ చూసి ఆగిపోయింది. నాకేం జబ్బు లేదు, నేను పోతా అంది. పెద్దమ్మ మొదట బుజ్జగించింది, తర్వాత గద్దించింది. ఆ గద్దింపుతోనే వదినకు అర్థమైంది, ఇదంతా తన కోసం పెట్టిన ఏర్పాటని. తెర ముందు నేల మీద కూలబడింది.

చాలా రోజుల తర్వాత వదిన అత్తతో నేరుగా మాట్లాడింది.

"నన్నొక్కదాన్నే ఎందుకు ఎక్కిస్తవు అత్తమ్మా? నువ్వెక్కు. నువ్వెక్కితే నేనెక్కుత."

పెద్దమ్మ నవ్వేసింది. "నాదేముంది పిల్లా. నా బండి ఎప్పుడో షెడ్డుల పెట్టిన."

"అయితే నేనూ ఎక్క," అని వదిన లేచి చెప్పులు వెతుక్కోసాగింది.

పెద్దమ్మ ఆమెను ఒక్క క్షణం చూసింది. చేతిలోని చాయ్ గిన్నె పక్కనున్న మనిషికిచ్చి, కొంగు నడుముకు దోపుకుని, తెర తీసుకుని లోపలికి పోయింది. నేను వెనకే పరుగెత్తాను. బల్ల ఎలా ఎక్కాలో, కాళ్లు ఎక్కడ పెట్టాలో చూపించి ఆమె చెయ్యి పట్టుకున్నాను. నన్ను ఎత్తుకుని తిప్పిన చెయ్యి అది. గట్టిగా, గరుకుగా, చెమటతో తడిసి ఉంది. డాక్టరమ్మ నొప్పిగా ఉందా అని అడిగింది.

"నొప్పేం లేదు గని సల్లగున్నది," అంది పెద్దమ్మ పైకప్పు రేకులను చూస్తూ. "ఎడ్లకు నాడాలు కొట్టేటప్పుడు పండబెట్టినట్టు పండబెట్టినవు డాక్టరమ్మా."

తెర బయట ఆడవాళ్లంతా నవ్వారు. వదిన కూడా నవ్వింది. పెద్దమ్మ దిగి వచ్చి చీర సర్దుకుని, ఇగ పో అన్నట్టు తలతో సైగ చేసింది. వదిన లోపలికి పోయింది. పెద్దమ్మే ఎక్కినప్పుడు మనకేందని ఆ రోజు అరుగు మీది ముసలివాళ్లు కొందరు మొదటిసారి లేచి వచ్చారు. జీపులో తిరిగి వస్తుంటే డాక్టరమ్మ చాలా సంతోషంగా ఉంది. కిటికీ లోంచి చెరుకు తోటలు చూస్తూ, ఏదో భక్తి పాట సన్నగా పాడుకుంది.

ఆ స్లైడులకు రంగు వేసి, వరుసగా చూడడానికి నాకు కొన్ని రోజులు పట్టింది. వయసులో ఉన్న ఆడవాళ్ల స్లైడులో కణాలు పెద్దగా, పల్చగా, గులాబీ రంగులో, లేత ఆకుపచ్చ రంగులో పరచుకుని ఉంటాయి. వాటి మధ్య వాపు గుర్తులో, చిన్న చిన్న క్రిములో కనిపిస్తాయి. వదిన స్లైడు అలాగే ఉంది. వాపు, క్రిములు, అంతే. భయపడాల్సిందేమీ లేదు. డాక్టరమ్మ మాత్రలు రాసి, భార్యాభర్తలిద్దరూ వేసుకోవాలంది. మా అన్న నాకెందుకు అని మొండికేశాడట. పెద్దమ్మ అతన్ని వాకిట్లో నిలబెట్టి, తన ఎదురుగా మింగించి, నోరు తెరవమని చూసి మరీ వదిలిందట. వదిన ఆ ముచ్చట నాకు చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వింది.

అప్పటికి ఆమెకు తెలియని సంగతి నాకు తెలుసు.

ముట్టు ఆగినవాళ్ల స్లైడు వేరే ఊరిలా ఉంటుంది. కణాలు తక్కువ. ఉన్నవి కూడా ఎండి, చిన్నవై, గుండ్రంగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పెద్దమ్మ స్లైడులో అలాంటివాటి మధ్య కొన్ని గుంపులు కనిపించాయి. మధ్యలో ఉండే చుక్క చిక్కటి నీలంతో, అంచులు చిరిగినట్టు, ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా. నేను మైక్రోస్కోపు మీంచి కళ్లు తీసి, జామచెట్టును కాసేపు చూసి, మళ్లీ పెట్టాను. అవి అక్కడే ఉన్నాయి. డాక్టరమ్మను పిలిచాను. ఎవరిదో చెప్పలేదు. ఆమె చాలాసేపు చూసింది.

"ఈ వయసు వాళ్ల కణాలు ఒక్కోసారి మోసం చేస్తాయమ్మా. ఎండిపోవడం వల్లే ఇలా కనపడవచ్చు. లోపల రాసుకోడానికి ఒక క్రీము ఇద్దాం. కొన్ని వారాలు వాడాక కణాలు నిండుగా వస్తాయి. ఎండడం వల్ల వచ్చిన తేడా అయితే పోతుంది. కాకపోతే అప్పుడూ ఉంటుంది." తర్వాత నా ముఖం చూసి, "మీ పెద్దమ్మదా?" అని అడిగింది. తల ఊపాను.

క్రీము తీసుకుని నేనే పోయాను. పెద్దమ్మ బర్రెలకు కుడితి పెడుతోంది. ఎందుకు వాడాలో చెప్పాను. గీ వయసుల నాకు క్రీములేంది అని నవ్వింది. నవ్వు ఆగాక, బర్రె మెడ మీద చెయ్యేసి నిలబడి నన్నే చూసింది.

"అంటే ఏదో ఉన్నట్టే గదా బిడ్డా?"

"ఉందో లేదో తెలుసుకోనీకే పెద్దమ్మా. మల్లోపారి సూస్తరు."

ఆమె ఇంటి వైపు ఒకసారి చూసింది. వదిన ఇంకా కంపెనీ నుంచి రాలేదు. అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. అంతకు ముందు ఏడాది నుంచీ అప్పుడప్పుడూ చీరకు మరక కనిపించిందట. బరువైన క్యాన్లు మోయడం వల్ల అనుకుందట.

"ముసల్దానికి మల్ల ముట్టైందంటే నవ్వరా? కోడలుకు తెలిస్తే ఏమనుకుంటది? అందుకే ఎవరికి చెప్పలే."

వదిన తన బట్టలు వేరుగా ఉతుక్కుంటుందని చెప్పడానికి మా ఇంటిదాకా వచ్చిన మనిషి, తన చీర మరకలను తను కూడా చాటుగానే ఉతుక్కుంటూ వచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే బావి దగ్గర, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు. నాకు ఏడుపొచ్చింది. ఆమె అది చూసి, పాలు తాగిపో అని లోపలికి తీసుకుపోయి గ్లాసు నిండా పోసింది. చక్కెర ఎక్కువ వేసింది, నా చిన్నప్పటిలాగే.

క్రీము వాడాక ఆసుపత్రికి వచ్చి మళ్లీ పరీక్ష చేయించుకుంది. ఈసారి స్లైడు నిజంగానే మారిపోయింది. ఎండు కణాల చోట వయసు పిల్లల స్లైడులో లాగా విశాలమైన గులాబీ కణాలు వచ్చాయి. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత స్లైడును జరుపుతూ పోతే ఆ ముదురు నీలం గుంపులు తగిలాయి. చుట్టూ శుభ్రమయ్యాక అవి ఇంకా స్పష్టంగా ఉన్నాయి. డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పట్నానికి పంపించింది. పట్నం నుంచి వచ్చిన జవాబు ఆమె తన గదిలో, పెద్దమ్మనూ వదిననూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. కేన్సరే. కానీ ఇప్పుడే మొదలైంది, పైపొర దాటి కొంచెమే లోపలికి పోయింది. గర్భసంచి తీసేస్తే బాగయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇంకో రెండు మూడేళ్లు ఆగి వస్తే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని అంది.

పెద్దమ్మ ముందు వదిన వైపు చూసింది.

"నా కోడలికైతే ఏం లేదు గద?" అని అడిగింది. లేదంది డాక్టరమ్మ. "ఇగ మంచిది," అని పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

వదిన వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు తను మొండికేయకపోతే ఏమయ్యేదో అనేదే ఆమె ఏడుపంతా. పెద్దమ్మ ఆమె వీపు నిమిరింది.

"నీ జిద్దుతోని నన్నెంత పరేషాన్ చేసినవ్ పిల్లా. గిదొక్కపారి పనికొచ్చింది. ఊకో."

పట్నంలోని పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. వార్డులో తోడుగా ఉన్నది వదినే. కంపెనీలో సెలవు పెట్టి పోయింది. నేను సెలవు రోజు పోయి చూస్తే, మంచం మీద కూర్చోబెట్టి అత్త తల దువ్వుతోంది. పెద్దమ్మకు తన కుట్ల మీద ధ్యాస లేదు. బర్రెలు మేస్తున్నాయా, క్వార్టర్లకు పాలు ఎవరు పోస్తున్నారు, నీళ్లు కలపడం లేదు కదా అని అడిగింది. అన్న షిఫ్టుకు పోయేముందు సైకిల్ మీద పోసి వస్తున్నాడని చెబితే, వాడికి కొలత తెలియదు, అందరికీ ఎక్కువ పోస్తాడు అని బాధపడింది. ఆ వార్డులో మెదక్ నుంచి, పాలమూరు నుంచి వచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. చాలామంది పెద్దమ్మ వయసు వాళ్లు, అంతకంటే పెద్దవాళ్లు. చాలామంది ఆలస్యంగా వచ్చినవాళ్లు. వాళ్లను చూశాక ఆమె మాట కొంత తగ్గింది. నా అదృష్టానికి నాకే సిగ్గనిపిస్తోంది అని నాతో మెల్లగా అంది.

ఇంటికి వచ్చాక బరువులు ఎత్తొద్దన్నారు. బర్రెల్లో రెండింటిని అమ్మేశారు. అమ్మిన రోజు ఆమె వాకిట్లోకి రాకుండా లోపల గోడ వైపు తిరిగి పడుకుంది. సెలవు ఎక్కువైందని వదిన కొలువు పోయింది. కాంట్రాక్టరు వేరే మనిషిని పెట్టుకున్నాడు. వదిన పోతే పోయిందిలే అంది. పెద్దమ్మ ఊరుకోలేదు. కొంచెం నడవగలిగిన రోజు క్వార్టర్లకు పోయి, తన దగ్గర పాలు పోయించుకునే ఒక సూపర్‌వైజర్ భార్య ముందు కూర్చుని, తన హిందీలో కోడలి గురించి గంటసేపు చెప్పింది. మంచి పనిమంతురాలు, చేతులు శుభ్రం, ఒక్కరోజు ఆలస్యంగా పోదు అని. కొన్నాళ్లకు వదినకు ఇంకో కంపెనీలో పని దొరికింది. మొదటి రోజు ఆమెకు టిఫిన్ డబ్బా కట్టి బస్సు దాకా వెళ్లి ఇచ్చింది పెద్దమ్మే. బర్రెలుండగా బయటి కొలువేందన్న మనిషే.

ఆ తర్వాత మా డాక్టరమ్మ ఊళ్లలో అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. ఎవరికి బాధ ఉంది అని అడగడం మానేసి, ఎవరికి ముట్టు ఆగింది అని అడిగేది. ఆగినవాళ్లను ముందు రమ్మనేది. ఏళ్లు గడిచేకొద్దీ మాకు అర్థమైంది కూడా అదే. చిన్నవాళ్లలో ఎక్కువగా వాపులు, క్రిములు, మందులతో పోయేవి. భయపడాల్సినవి చిన్నవాళ్లలో లేకపోలేదు, కానీ వచ్చే కొద్దిమంది పెద్దవాళ్లలోనే అవి ఎక్కువగా కనిపించేవి. ఆ కొద్దిమందిని తేవడంలో పెద్దమ్మ మాకు సాయపడింది. ఆమె పెద్దగా ఏమీ బోధించేది కాదు. అరుగు మీద వాళ్ల పక్కన కూర్చుని, నాకు గిట్ల అయ్యింది, గిట్ల తీసేసిండ్రు, సూడు ఎట్లున్ననో అని చెప్పేది. మరక సంగతి కూడా సిగ్గుపడకుండా చెప్పేది. అది విన్నాక ఎవరో ఒకరు నాకు కూడా అని మెల్లగా అనేవాళ్లు.

నాకు మాత్రం బాగా గుర్తుండేది ఆమె ఏడాదికోసారి చెకప్‌కు వచ్చే రోజులు. గర్భసంచి తీసేశాక కూడా యోని లోపలి పైభాగం నుంచి కణాలు తీసి చూడాలి. వదిన సెలవు పెట్టుకుని వెంట వచ్చేది. పరీక్ష పది నిమిషాల పని. మిగతా రోజంతా వాళ్లది. సంగారెడ్డి బజార్లో గాజులు బేరమాడేవాళ్లు, జాకెట్ ముక్కలు కొనేవాళ్లు, బస్టాండు దగ్గర మిర్చి బజ్జీ తినేవాళ్లు. ఎప్పుడూ మాటకు మాట పెంచుకుంటూనే ఉండేవాళ్లు గానీ, మధ్యలో మనవరాలి రాయబారం మాత్రం ఉండేది కాదు. నాకోసం డబ్బాలో, బియ్యప్పిండిలో నువ్వులు కలిపి కాల్చిన సర్వపిండి తెచ్చేవాళ్లు. ఆ రోజు నా గదంతా నువ్వుల వాసన.

చాలా ఏళ్ల తర్వాత డాక్టరమ్మ రిటైరై వాళ్ల ఊరికి పోయింది. కొత్తగా వచ్చిన చిన్న డాక్టరమ్మ పాత కాగితాలన్నీ చూసి, అవ్వా నువ్వు పూర్తిగా బాగున్నావు, ఇక రానక్కర్లేదు అని చెప్పింది. అందరం సంతోషించాం. పెద్దమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది. మరుసటి ఏడాది అదే రోజుల్లో చూస్తే ఇద్దరూ మళ్లీ నా గది గుమ్మంలో ఉన్నారు, సర్వపిండి డబ్బాతో. పరీక్ష లేకుంటే రావద్దా అంది పెద్దమ్మ.

అప్పటికి వాళ్ల ఊరు మారిపోయింది. బర్రెలు మేసిన పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతారు, రంగు జెండాలు కట్టారు. కంది ఊరి వైపు పోయే రోడ్డు వెడల్పయింది. నా ల్యాబులో కూడా కొత్త మైక్రోస్కోపు వచ్చింది, రెండు కళ్లతో చూసేది. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని నా పని చూస్తూ చూస్తూ, ఇన్నేళ్లు నువ్వు ఇందులో ఏం చూస్తున్నవో నాకు ఎన్నడూ చూపించలేదు అంది. నిజమే. ఎప్పుడూ ఆమె అడగలేదు, నాకూ తోచలేదు. ఆమెదే, చివరిసారి తీసిన స్లైడు పెట్టెలోంచి తీసి పెట్టి, కళ్లద్దాలు తీసి చూడమన్నాను. మొదట ఆమెకు ఏమీ కనపడలేదు. తల పట్టుకుని సరిగ్గా పెట్టాను. తర్వాత కదలకుండా ఉండిపోయింది.

"గిది నేనేనా?"

"నువ్వే పెద్దమ్మా."

"అటుకులు నానబోసినట్టున్నది," అంది. కాసేపటికి వదినను పిలిచి చూడమంది. వదిన చూసి, అటుకులు కాదు అత్తమ్మా, వాన పడి చెదిరిన ముగ్గు లాగుంది అంది. కాదు అటుకులే అని పెద్దమ్మ. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు మళ్లీ మళ్లీ వంగి చూశారు.

పెద్దమ్మ ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు బతికింది. నిద్రలో, గుండె ఆగి, ఎవరికీ చాకిరీ పెట్టకుండా పోయింది. ఆమెకు చివరి స్నానం వదినే చేయించింది. కానీ నేను ఆమెను తలుచుకుంటే గుర్తొచ్చేది ఆ స్లైడు చూసిన మధ్యాహ్నమే. బస్సు వేళయిందని ఇద్దరూ లేచారు. ఎండలో ఆసుపత్రి గేటు దాటుతూ, ఒకే గొడుగు కింద, అటుకులో ముగ్గో తేలకుండానే మాట్లాడుకుంటూ బజారు వైపు నడిచిపోయారు.